ఒక్క చాయ్‌కి దొరికిన కుర్చీ

పాత పాలమూరు జిల్లా కొల్లాపూర్ నుంచి పట్నం, అంటే హైదరాబాద్, పోవడమంటే ఏదో ఒక పని మీద పోవడమే. హైకోర్టులో వాయిదా, ఉస్మానియా దవాఖానాలో ఆపరేషన్, మామిడికాయల లెక్క, పిల్లగాని కాలేజీ సీటు, పెండ్లి బట్టలు. ఊరికే చూసిరావడానికి పోయినవాళ్లు తక్కువ. బస్సు నాగర్‌కర్నూల్ దాటి, జడ్చర్ల మీదుగానో కల్వకుర్తి మీదుగానో పోయి, గౌలిగూడ బస్టాండులోని ఆ పెద్ద రేకుల షెడ్డు కింద ఆగేసరికి నడుములు పట్టేసేవి. నిజాం కాలపు ఆ షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. అప్పటికి చాలా ఏండ్ల ముందే, 1994లో, పక్కనే ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చింది. అయినా పాతతరం వాళ్లకు పట్నం అంటే గౌలిగూడ, గౌలిగూడ దిగితే మొదట కనపడాల్సింది ఇరానీ హోటల్.

ఆకలి కోసం కాదు. సంచిలో సద్ది ఉండనే ఉండేది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఇంకా నలగని ఉల్లిగడ్డ. ఆ మూట పబ్లిక్ గార్డెన్‌లో చెట్టు కిందనో, నాంపల్లి స్టేషన్ ఎదుటి సరాయ్ అరుగు మీదనో విప్పేవాళ్లు. హోటల్‌కు పోయేది కూర్చోవడానికి. బంధువులు లేని, లాడ్జికి పైసలు పెట్టలేని మనిషికి పొద్దున దిగిన బస్సుకూ రాత్రి ఎక్కే బస్సుకూ నడుమ ఒక కుర్చీ, ఒక ఫ్యాను, తాగడానికి నీళ్లు కావాలి. ఇవన్నీ ఒక్క చాయ్ డబ్బులకు ఇచ్చిన చోటు అప్పటి హైదరాబాద్‌లో ఇరానీ హోటల్ ఒక్కటే. ఈ నగరం తన తిండి గురించి చాలా గొప్పగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. కానీ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అది చేసిన అసలు ఉపకారం తిండి కాదు, ఈ కుర్చీ.

అది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే అప్పటి ఊళ్లలో బయట తినడం ఎట్లా ఉండేదో గుర్తు చేసుకోవాలి. పూటకూళ్ల ఇండ్లు తెలుగు నేలకు కొత్త కాదు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినప్పుడు, కాకతీయుల నాటి ఓరుగల్లులో డబ్బిస్తే భోజనం పెట్టే ఇండ్ల ముచ్చటను ‘క్రీడాభిరామం’ నుంచి ఏరి తెచ్చి చూపించాడు. కానీ జటప్రోలు సంస్థానానికి రాజధానిగా వెలిగిన కొల్లాపూర్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో, హోటల్ అంటే చాలాకాలం ఒక గుడిసె, ఒక పొయ్యి, రెండు బల్లలు. అంగడి రోజున మిర్చి బజ్జీలు, మిగతా రోజుల్లో చాయ్. ఆ బల్లల మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు బయట నిలబడాలి అనేది కులం చెప్పేది. తెలంగాణ పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి నిన్నమొన్నటి దాకా ఉంది. దళితుల గ్లాసులు వేరుగా, బయట గోడకో చూరుకో ఉండేవి. తాగినవాళ్లే కడిగి పెట్టాలి.

అట్లాంటి ఊరి నుంచి వచ్చినవాడు ఆబిడ్స్‌లోనో నాంపల్లిలోనో పాలరాతి బల్ల ముందు కూర్చుంటే, బేరా వచ్చి అందరికీ పెట్టిన కప్పే అతని ముందూ పెట్టేవాడు. ఎదుటి కుర్చీలో వకీలు ఉండవచ్చు, రిక్షా తొక్కేవాడు ఉండవచ్చు. ఎవరూ పేరడగరు, ఊరడగరు, ఇంటిపేరు అసలే అడగరు. ఇరానీ యజమాని సంస్కర్త అయ్యి ఈ పని చేశాడని చెప్పలేం. ఆయన ఈ దేశానికి కొత్త. ఇక్కడి అంతస్తులు ఆయన లెక్కలో లేవు, గల్లాపెట్టెలో పడే నాణెం ఒక్కటే లెక్క. కారణం ఏదైనా కానీ, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన ఎంతోమంది జీవితంలో మొదటిసారి సాటి మనిషిగా కూర్చుని చాయ్ తాగింది ఆ బల్లల దగ్గరే. దీన్ని చిన్న విషయంగా రాసేయడం అన్యాయం.

ఆ ఇరానీలు యజ్ద్, కెర్మాన్ లాంటి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కరువుకూ పేదరికానికీ తాళలేక ఓడెక్కి బొంబాయి చేరారు. అక్కడి నుంచి పూణె, అక్కడి నుంచి హైదరాబాద్. బొంబాయి కేఫ్‌లలో జరతుస్త్ర మతస్థులైన ఇరానీలు ఎక్కువ. హైదరాబాద్‌కు వచ్చినవాళ్లలో షియా ముస్లింలు ఎక్కువ. వాళ్లకు ఈ ఊరు పూర్తిగా పరాయిది కాదు. 1880ల దాకా నిజాం దర్బారు భాష ఫారసీయే. మొహర్రం పీర్లు, ఆషూర్‌ఖానాలు ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. మూలమలుపు స్థలాలు వాస్తుకు పనికిరావని స్థానిక వ్యాపారులు వదిలేస్తే ఇరానీలు వాటినే తక్కువకు పట్టుకున్నారని అంటారు. ఆ మాట ఎంత నిజమో గానీ, పాత ఇరానీ హోటళ్లలో చాలావాటికి రెండు వీధుల వైపు తలుపులు ఉండేవి. గాలి, వెలుతురు, వచ్చేపోయే జనం అన్నీ రెండు పక్కల నుంచీ.

ఆబిడ్స్‌లో జనరల్ పోస్టాఫీసు దగ్గరి గ్రాండ్ హోటల్‌ను 1935లో ఇరానీలు పెట్టారు. మొజంజాహీ మార్కెట్ కట్టిన కాలం కూడా అదే. కొల్లాపూర్ మామిడికి ఈ మార్కెట్‌తో చుట్టరికం ఉంది. పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి మారక ముందు, ఎండాకాలంలో బండ్లూ లారీలూ ఇటే వచ్చేవి. కొల్లాపూర్ బంగినపల్లికి అప్పటికే పేరుంది. తోట యజమానులు, కౌలుదార్లు దళారీతో లెక్క తేల్చుకుని, రుమాలులో నోట్లు చుట్టుకుని, ఇరానీ హోటల్‌లో కూర్చుని మళ్లీ ఒకసారి లెక్కబెట్టుకునేవాళ్లు. లాభం వస్తే పిల్లల కోసం ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకునేవాళ్లు. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా, చాయ్‌లో ముంచితే విరిగిపోకుండా తీయడానికి నేర్పు కావాల్సిన బిస్కెట్టు అది. దవాఖానా పేరు దానికి వచ్చిందా, ఏడో నిజాం పేరు వచ్చిందా అనే వాదన ఇంకా తెగలేదు.

చాయ్ గురించి చెప్పాలి. ఊళ్లో చాయ్ అంటే పాలు, నీళ్లు, చాయ్‌పత్తి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించడం. ఇరానీ చాయ్‌కి రెండు పాత్రలు. ఒకదానిలో పత్తి, నీళ్లు మూతపెట్టి, ఆవిరి పోకుండా గుడ్డ చుట్టి, సన్నని సెగ మీద గంటల తరబడి. ఇంకోదానిలో పాలు చిక్కబడి మీగడ రంగు తిరిగేదాకా. కప్పులో ముందు డికాక్షన్, మీద పాలు. మామూలు చాయ్, ఖడక్ చాయ్, పాలు దట్టంగా ఉండే పౌనా. ఇద్దరు వచ్చి ఒకటి చెప్పుకుంటే వన్ బై టూ, దానికి బేరా ముఖం చిట్లించేవాడు కాదు. సాసర్‌లో వంచుకుని ఊదుకుంటూ తాగినా ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు, పక్కవాడూ అట్లాగే తాగుతుండేవాడు. బల్ల మీద ప్లేటు నిండా సమోసాలు, బిస్కెట్లు అడగకుండానే తెచ్చి పెట్టేవాళ్లు. తిన్నవాటికే డబ్బులు. ఎన్ని తిన్నదీ బేరా కంటితోనే లెక్క. మనిషి లేచి గల్లా వైపు నడుస్తుంటే వెనక నుంచి కేక వచ్చేది: ‘ఏక్ చాయ్, దో సమోసా, ఆగే వాలేసే!’ రాతకోతలు లేవు. ఆ కేక మీద నమ్మకంతోనే అంత వ్యాపారం సాగింది.

కొల్లాపూర్ ప్రాంతానికి పట్నం తిరుగుడు ఒక్కసారిగా పెరిగింది శ్రీశైలం ప్రాజెక్టు తర్వాత. 1981 నాటికి కృష్ణ ఒడ్డు పల్లెలు నీళ్లలోకి పోయాయి. సోమశిల గుళ్లను రాయి రాయి ఊడదీసి పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మనుషులను నిలబెట్టే పని మాత్రం అంత శ్రద్ధగా జరగలేదు. భూములు పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామన్న 98వ నంబరు జీవో చేతపట్టుకుని ఆ ఊళ్ల జనం ఏండ్ల తరబడి సెక్రటేరియట్ చుట్టూ తిరిగారు. అర్జీ ఇవ్వాలి, సంతకం కోసం ఆగాలి, సారు భోజనానికి పోయిండు, రేపు రమ్మన్నడు. ఆ రెండు గంటలు ఎక్కడ గడవాలి? లక్డీకాపూల్, నాంపల్లి ఇరానీ హోటళ్లలో గడిచేవి. బల్ల మీద ఫైలు, ఫైలు మీద కప్పు. చదవడం వచ్చినవాడు అక్కడి ఉర్దూ పేపరో తెలుగు పేపరో చూసేవాడు, రానివాడు చదివేవాడి ముఖం చూసి సంగతి అడిగేవాడు. ‘మల్ల ఎప్పుడు రమ్మన్నరే?’ అని ఒకరంటే, ‘సోమారం’ అని ఇంకొకరు. మళ్లీ సోమవారం అదే హోటల్. తర్వాత బస్సులో వచ్చేవాళ్ల కోసం గల్లా దగ్గర కబురు చెప్పిపోయేవాళ్లు కూడా.

దవాఖానాల దగ్గరి హోటళ్ల కథ ఇంకో రకం. 1953లో మొదలైన నీలోఫర్ దవాఖానాకు పాలమూరు తల్లులు పసిపిల్లలను ఎత్తుకుని వచ్చేవాళ్లు, ఇప్పటికీ వస్తున్నారు. ఆ పక్కనే రెడ్‌హిల్స్‌లో 1978లో వచ్చింది కేఫ్ నీలోఫర్. ఆదిలాబాద్ వైపు పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, ఆ కేఫ్‌లోనే పనికి కుదిరిన బాబూరావు తర్వాత దానికి యజమాని అయ్యారు. దవాఖానాల ముందు పడిగాపులు పడే రోగుల బంధువులకు ఆయన ఉచితంగా తిండి పెట్టించడం నగరానికంతా తెలిసిన సంగతి. ఆ ఫుట్‌పాత్ మీద ఒక రాత్రి గడిపినవాళ్లకు తెలుస్తుంది దాని విలువ.

ఇక తిండి. తెల్లారుజామున బస్సు దిగినవాళ్లకు చార్మినార్ వైపు పోతే నిహారీ దొరికేది. రాత్రంతా ఉడికిన పాయా, దానికి తోడు నలుపలకల నాన్. పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ దుకాణం 1851 నుంచి ఆ నాన్లు కాలుస్తూనే ఉంది. పొద్దెక్కాక ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఈ ఖట్టా పాలమూరు నాలుకకు వెంటనే పట్టేసింది. చింతపండు, నువ్వులు, పచ్చిమిర్చి ఉన్న ఆ పులుపు ఇంటి రుచికి దగ్గరిది. మధ్యాహ్నం సింగిల్ బిర్యానీ, ఇద్దరు తింటే కూడా మిగిలేది. సికింద్రాబాద్ వైపు పని పడితే స్టేషన్ ఎదుటి ఆల్ఫా, 1953లో సినిమా హాలు క్యాంటీన్‌లాగా మొదలైన పారడైజ్. రంజాన్ నెలలో అయితే మదీనా చౌరస్తా చుట్టుపక్కల సాయంత్రం పూట హలీం కోసం వరుసలు. 2010లో ఆ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఊరివాళ్లకు అప్పటికే అది పరిచయమే. గోధుమలూ మాంసమూ కలిపి గంటల కొద్దీ రుబ్బి చేసే తిండి విలువ రోకలి పట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మాంసం ముట్టనివాళ్లు ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌కో, కామత్‌కో పోయేవాళ్లు. ఇడ్లీ, సాంబారు, స్టీలు గ్లాసులో కాఫీ. అక్కడ పని తినడం వరకే, తిన్నాక లేవాలి. వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు.

ఆడవాళ్లకు ఇరానీ హోటల్ అంత సులువుగా తలుపు తీయలేదు, ఈ మాట దాచకూడదు. చాలావాటిలో ముందు హాలంతా మగవాళ్లదే. ఇంటావిడ వెంట ఉంటే పరదా కట్టిన ఫ్యామిలీ గదిలోకి పంపేవాళ్లు. ఇరుకు, ఉక్క. అయినా ఊళ్లో హోటల్ గడప తొక్కితే నలుగురూ నాలుగు మాటలనే రోజుల్లో, ఆ పరదా వెనక ఒక తల్లి తన వంట కాని అన్నం, తాను కడగనక్కర్లేని కంచంలో తిన్నది. చాలామందికి జీవితంలో అదే మొదలు.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు హోటల్ ఇంకో బడి. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో వచ్చిన రెడ్డి హాస్టల్ మొదలు, నారాయణగూడ, బర్కత్‌పురా గదుల దాకా పాలమూరు విద్యార్థులు ఎక్కడెక్కడో ఉండేవాళ్లు. రాత్రి చర్చలకు ఇరానీ బల్లలే దిక్కు. ఆబిడ్స్‌లోని ఓరియెంట్ హోటల్ అయితే కవులకూ రచయితలకూ రాజకీయం మాట్లాడేవాళ్లకూ అడ్డా. మఖ్దూమ్ మొహియుద్దీన్ అక్కడ కూర్చునేవాడు. కార్మిక నాయకుడూ కవీ అయిన మనిషి చుట్టూ కుర్చీలు చేరడం, చాయ్ మీద చాయ్ రావడం, వాదన నడవడం. ఆ ఓరియెంట్ ఇప్పుడు లేదు. పోస్టాఫీసు దారిలో పోతూ ఎక్కడుండేదో వెతుక్కోవాల్సిందే.

బార్ల సంగతి వేరు. పాలమూరు కూలీలకు నగరంలో తాగేచోటు అంటే బార్ కాదు, కల్లు కంపౌండ్. పొడవాటి షెడ్డు, బల్లలు, సీసాలు, పక్కనే పెనం మీద బోటీ, ఆకుల్లో గుడాలు. ఆడా మగా పక్కపక్కన కూర్చునేవాళ్లు. డ్యాములు కట్టి, కాలువలు తవ్వి, బంగ్లాలకు రాళ్లెత్తిన చేతులు సాయంత్రానికి అక్కడ చేరేవి. ఊరి ఈత కల్లు తెలిసినవాళ్లకు నగరం కల్లు మందు కలిపినదని తెలుసు. తెలిసీ తాగారు, ఒళ్లు పాడుచేసుకున్నారు. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి, 2014లో తెలంగాణ వచ్చాక మళ్లీ తెరిచారు. పాతవాళ్లు చాలామంది అప్పటికి లేరు.

బార్లు మధ్యతరగతివి. మసక వెలుతురు, ఏసీ చల్లదనం, కొరికే మిర్చీతో వేయించిన పల్లీలు, చికెన్ సిక్స్టీఫైవ్. ఊరి నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు పట్నం ఆఫీసరును తీసుకొచ్చి కూర్చోబెట్టే చోటు. 1993 అక్టోబర్‌లో నిషేధంతో సారా పోయింది, 1995 జనవరి 16న మొత్తం మద్యమే పోయింది. ఆ రెండేండ్లకు పైగా కాలంలో బార్లు తిండి మీదనే బతకాల్సి వచ్చింది. కొన్ని బతికాయి, కొన్ని బతకలేదు. 1997లో మళ్లీ తలుపులు తెరిచాక వచ్చిన బార్లలో టీవీ వచ్చింది, పాట పెరిగింది, మాట తగ్గింది. సారా వద్దని దూబగుంట ఆడవాళ్లు ఎందుకు రోడ్డెక్కారో తెలిసిన ఎవరూ పాత బార్ల కోసం పెద్దగా బాధపడరు. ఇరానీ హోటల్ కోసం పడే బాధ వేరు, అది ఎవరి కొంపా ముంచలేదు.

మరి ఎందుకు పోయింది? మూలమలుపు జాగాలే దాని బలం, అవే దాని చావుకొచ్చాయి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు మొదట తెగేది మూలే. రోడ్డు తెగకపోయినా జాగా ధర పెరిగింది, చాయ్ అమ్మిన డబ్బులు అద్దెకు చాలలేదు. మూడో తరం ఇరానీ పిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు అయ్యి వేరే దేశాలకు పోయారు. హోటళ్లు ఉన్న చోట బట్టల షాపులు, సెల్‌ఫోన్ షాపులు, బ్యాంకులు వచ్చాయి. మిగిలిన హోటళ్లలో చాలావరకు పాలరాతి బల్లలు తీసేసి నిలబడి తాగే స్టాండులు పెట్టారు. 2020లో కరోనా వచ్చి, పింగాణీ కప్పు బదులు కాగితం కప్పు స్థిరపడింది. చాయ్ అదే, కొన్నిచోట్ల అంతకన్నా మంచిది కూడా. కానీ రెండు గుక్కల్లో తాగి పోవాలి. అర్జీ పట్టుకొచ్చిన ముసలాయన ఫైలు ఎక్కడ పెట్టాలి?

మాల్స్‌లోని కాఫీ షాపుల్లో కుర్చీలున్నాయి, ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. ఒక కాఫీ ధర మాత్రం కూలీ మనిషి పూట సంపాదనలో చాలాభాగం. గాజు తలుపు దగ్గర కాపలా మనిషి ఉంటాడు. పంచె కట్టుకుని, చెప్పులకు ఎర్రమట్టి అంటుకున్న మనిషి ఆ తలుపు తోసి లోపలికి పోవడం ఇప్పటికీ చూడం.

ఇంకో వైపు ఒక మంచి మార్పు కూడా వచ్చింది. సాయంత్రమైతే నగరంలో ఎక్కడ చూసినా జొన్నరొట్టెల బండ్లు. వాటిలో పాలమూరు ఆడవాళ్లు ఎంతోమంది. ఒకప్పుడు సంచిలో దాచుకుని పార్కులో చాటుగా తిన్న రొట్టె ఇప్పుడు షుగరు భయంతో ఆఫీసువాళ్లు వరుసలో నిలబడి కొనుక్కునే తిండి అయ్యింది. పిండి తడిపి, చేత్తో చరిచి, పెనం మీద వేసేదాకా కొన్నవాళ్లు ఆగుతారు. ఈ బండ్ల దగ్గర కూడా కూర్చునే చోటు లేదు.

కొల్లాపూర్‌లోనూ ఇప్పుడు బిర్యానీ సెంటర్లున్నాయి. సోమశిలకు వచ్చే పర్యాటకులకు కృష్ణ చేపలు వేయించి పెట్టే హోటళ్లున్నాయి. కొల్లాపూర్ ఉన్న నాగర్‌కర్నూల్ 2016లో జిల్లా అయ్యాక ఎన్నో పనులు అక్కడే తెమిలిపోతున్నాయి, పట్నం దాకా పోయే అర్జీలు తగ్గాయి. పెండ్లి బట్టలకు మాత్రం పత్తర్‌గట్టీకే పోతారు. చీరల మూటలు మోసుకుంటూ మదీనా చౌరస్తా దాటి షాదాబ్ హోటల్ మెట్లెక్కితే పైన కుటుంబాలకు వేరే హాలుంది. ఇంటిల్లిపాదీ కూర్చుంటారు, మూటలు కుర్చీల కింద పెడతారు, బిర్యానీ అయ్యాక చాయ్ చెప్తారు. అది పింగాణీ కప్పులోనే వస్తుంది.